తెల్ల అంబాసిడరులో ఏ ఇంజనుంది?

మా రోజుల్లో హాస్టలు కుర్రాళ్ళు రుజువు అడక్కుండా నమ్మేసే సంగతులు మూడుండేవి. మెస్సు అన్నంలో సోడా కలుపుతారని ఒకటి. పరీక్ష పేపర్లు మద్రాసులో అచ్చవుతాయని, ఆ ప్రెస్సులో పనిచేసేవాడి బావమరిది మనవాళ్ళలో ఎవరికో తెలుసునని రెండోది. పోలీసుల దగ్గర ఒక తెల్ల అంబాసిడరు వుందన్నది మూడోది. చూడ్డానికి అది అన్ని అంబాసిడర్లలాగే వుంటుంది. బానెట్టు కింద మాత్రం విదేశీ ఇంజను. నంబరు పక్క రాష్ట్రానిది. లోపల మఫ్టీలో నలుగురు. మీ బండి ఎంత వేగంగానైనా పోనీండి, అది వెనకనుంచి వచ్చి పక్కన నిలుస్తుందట.

ఆ ఇంజను ఏ దేశానిదో ఎవరిష్టం వాళ్ళది. సివిల్ వాళ్ళు జర్మనీది అనేవారు. ఎలక్ట్రికల్ వాళ్ళు జపానుది అనేవారు. నేను మెకానికల్ విద్యార్థిని కాబట్టి నా మాటకు విలువెక్కువ. "దానికి ఆరు సిలిండర్లు" అని నా వంతు వివరం నేను చేర్చాను. ఎక్కడ విన్నావని ఎవరూ అడగలేదు. నేనెక్కడా వినలేదు.

ఈ సావనీరుకు ఏదైనా రాయమని యూనియను వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ఆరు సిలిండర్లే. ఎందుకో చెబుతాను.

1983లో ఒక రాత్రి. తిరుపతిలో సెకండ్ షో చూసి, చంద్రగిరిలో మా మిత్రుడి ఇంటికి వాడి యెజ్డీ మీద ఇద్దరం బయల్దేరాం. వాడికి లైసెన్సు లేదు. ఊరు దాటాక టీకొట్టు దగ్గర ఆగాం. అక్కడ తెల్ల అంబాసిడరు నిలబడి వుంది. తమిళనాడు నంబరు. ముందు సీట్లో దిట్టంగా వున్న మనుషులిద్దరు. మసక వెలుతుర్లో వాళ్ళ తలలు చూస్తే అచ్చం పోలీసు క్రాపులే అనిపించాయి. మేం టీ సగంలో వదిలేసి బండెక్కాం. రెండు నిమిషాల్లో వెనక హెడ్‌లైట్లు కనబడ్డాయి. "అదేరా, ఆ కారే!" అన్నాను వాడి చెవిలో. వాడు యాక్సిలరేటరు తిప్పాడు. తర్వాతి మలుపులో కల్వర్టు గోడ వచ్చింది.

నాకు మోచేతులు గీరుకుపోయాయి. వాడి కుడికాలు రెండుచోట్ల విరిగింది.

కారు ఆగింది. దిగినవాళ్ళు వేలూరునుంచి వచ్చిన అన్నదమ్ములు. కొండమీద మొక్కు తీర్చుకుని, గుండ్లు చేయించుకుని ఇంటికి వెళుతున్నారు. వెనక సీట్లో వాళ్ళమ్మ, నిద్రపోతున్న పిల్లలిద్దరు. ఆవిడ పిల్లల్ని ఒక పక్కకు లాక్కుని, మావాడి తల ఒళ్ళో పెట్టుకుంది. "బయప్పడాదే తంబీ" అని దారిపొడుగునా అంటూనే వుంది. వాళ్ళు ఇంటిదారి మానుకుని బండి వెనక్కి తిప్పి తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చారు. ముందు సీట్లో ఇరుక్కుని కూర్చుని నేను ఆ ఇంజను చప్పుడు విన్నాను. అరవై దాటితే స్టీరింగు వణికేది. అందులో వున్నవి నాలుగు సిలిండర్లు. వాటిలో ఒకటి సరిగా మండటం లేదని నా మెకానికల్ చదువుకు అప్పుడే తెలిసిపోయింది.

మావాడికి చదువు ఒక సంవత్సరం పోయింది. కాలు అంగుళం పొట్టిదయింది. ఆ పుకారును నేను పుట్టించలేదు గాని పెంచి పోషించిన వాళ్ళలో నేనొకణ్ణి. అందుకే అందులో నిజమెంతో తేల్చుకోవాలనే పట్టుదల అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

లెక్క ఏమంటోంది?

మొదట క్లాసులో నేర్చుకున్న లెక్కే చేద్దాం. ఆనాటి పెట్రోలు అంబాసిడరుకు 1489 సి.సి. ఇంజను, సుమారు 50 హార్స్‌పవరు. తిన్నని రోడ్డుమీద అది గంటకు 110 కిలోమీటర్ల ప్రాంతంలో ఆయాసపడిపోతుంది. ఆ వేగంలో బండికి అసలు శత్రువు గాలి. గాలి ఎదురునెట్టే బలం వేగం వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. దాన్ని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిదింతలు కావాలి. 110నుంచి 160కి పోవాలంటేనే మూడింతలు, అంటే 150 హార్స్‌పవరు కావాలన్నమాట.

పోనీ, అంత ఇంజను ఎక్కడినుంచో తెచ్చి పెట్టారనుకుందాం. దాని బరువుకు స్ప్రింగులు మార్చాలి. ఆ బలానికి గేరుబాక్సు, ప్రొపెల్లర్ షాఫ్టు, వెనక ఇరుసు మార్చాలి. వేడికి రేడియేటరు మార్చాలి. అన్నిటికంటె ముఖ్యం బ్రేకులు. 160 వేగంలో బండిలో వుండే చలనశక్తి 110లో వున్నదానికి రెండింతల పైమాట. ఆ శక్తి అంతా బ్రేకుల్లో వేడిగా మారాలి. అంబాసిడరు డ్రమ్ము బ్రేకులు రెండు మూడుసార్లకే చేతులెత్తేస్తాయి. ఇవన్నీ మార్చాక టైర్లు వెడల్పవుతాయి, ఎత్తు మారుతుంది, సైలెన్సరు గొంతు మారుతుంది. ఆ బండి ఇంక మామూలు బండిలా కనబడదు. పుకారు రహస్యమంటున్నదాన్ని ఏ వీధి మెకానిక్కయినా పది గజాల దూరంనుంచి పట్టేస్తాడు.

ఇంకో సంగతి. మన దగ్గర ఇంజన్లు మార్చడం నిజంగానే జరిగింది. 1973 తర్వాత పెట్రోలు ధర మండిపోయినప్పుడు, అంబాసిడర్లలోనూ జీపుల్లోనూ పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించుకున్నవాళ్ళు బోలెడుమంది. మాటడోరు వ్యానుల డీజిలు ఇంజనుకు ఆ పనిలో మంచి గిరాకీ వుండేది. ఆ కార్లు ఎక్కువ చప్పుడు చేసేవి, తక్కువ ఖర్చులో నడిచేవి. మనవాళ్ళు బానెట్టు కింద రహస్యం దాచింది డబ్బు మిగుల్చుకోవడానికే గాని వేగానికి కాదు. అంబాసిడరుకు కంపెనీవారే జపాను ఇసుజు కంపెనీ 1800 సి.సి. ఇంజను పెట్టి అమ్మింది 1990లలో. అది కూడా ఎవరైనా కొనుక్కోగలిగిన బండే.

ఈ పుకారు మనదొక్కటే కాదు

1990లలో ఉద్యోగరీత్యా అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి వెళ్ళాను. కార్ల రాజధాని డెట్రాయిట్ వున్నది ఆ రాష్ట్రంలోనే. మొదటి సంక్రాంతికి తెలుగువారందరం ఒకచోట చేరితే, గారెలు తింటూ ఒకాయన గొంతు తగ్గించి చెప్పాడు: "పోలీసుల ఫోర్డు కార్లున్నాయి చూశారూ, వాటి ఇంజను మామూలుది కాదండీ." నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ జలదరించింది. మా హాస్టలు అంబాసిడరు సముద్రం దాటి నాకంటె ముందే అక్కడికి చేరింది!

ఈసారి మాత్రం విని ఊరుకోలేదు. లైబ్రరీలో వెతికాను, కార్ల కంపెనీల్లో పనిచేసే మిత్రుల్ని అడిగాను. తెలిసింది క్లుప్తంగా చెబుతాను.

మారువేషం బండి అనే ఆలోచన పాతదే. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిషు నావికాదళం మామూలు సరుకు ఓడల్లో ఫిరంగులు దాచి జర్మను జలాంతర్గాములకు ఎర వేసింది. వాటిని క్యూ-షిప్పులు అన్నారు. తర్వాత లండను పోలీసుల గుర్తుల్లేని కార్లకు క్యూ-కార్లనే పేరు అక్కడినుంచే వచ్చింది. స్కాట్లండ్ యార్డు 1919లో ఫ్లయింగ్ స్క్వాడు మొదలుపెట్టినప్పుడు వాళ్ళ మారువేషం బండి ఏమిటనుకున్నారు? గుడారం గుడ్డ కప్పిన గుర్రబ్బండి! గుడ్డకు కన్నాలు పెట్టి లోపలినుంచి దొంగల్ని కనిపెట్టేవారు. అంటే ఆ బండి పుట్టింది చూడ్డానికే గాని పరిగెత్తడానికి కాదు. ఈ తేడాయే పుకారులో మాయమైపోయింది.

మరి మామూలుగా కనబడుతూ లోపల బలమైన ఇంజను దాచుకున్న కార్లు లేనే లేవా? వున్నాయి. వాటిని ముమ్మరంగా తయారుచేసింది మాత్రం పోలీసులు కాదు, పోలీసుల్ని తప్పించుకునేవాళ్ళు. అమెరికా దక్షిణాది కొండల్లో దొంగసారా కాచేవాళ్ళు ఫోర్డు వి-8 కార్ల ఇంజన్లకు మెరుగులు దిద్దారు. అంబులెన్సుల్లో వాడిన పెద్ద కాడిలాక్ ఇంజన్లు కూడా ఎక్కించారు. సారా డబ్బాల బరువుకు వెనక భాగం కుంగితే పోలీసు పసిగడతాడని గట్టి స్ప్రింగులు వేశారు. బండి ఖాళీగా వున్నప్పుడు అదే స్ప్రింగులవల్ల వెనక భాగం పైకి లేచి గుట్టు బయటపెట్టేది. ఆ డ్రైవర్లలో కొందరు పందేలకు దిగారు. 1948లో ఏర్పడ్డ నాస్కార్ కారు పందేల సంస్థ తొలి తరంలో సారాబళ్ళు తోలినవాళ్ళున్నారు.

వాళ్ళలో పేరు మోసినవాడు జూనియర్ జాన్సన్. రోడ్డుమీద అతన్ని ఏ పోలీసు కారూ పట్టుకోలేకపోయింది. కాని 1956లో పట్టుబడ్డాడు. ఎక్కడ? తండ్రి సారాబట్టీ దగ్గర, కారు దిగి కాలినడకన వున్నప్పుడు! అధికారులు అక్కడ మాటువేసి కూర్చున్నారు. పదకొండు నెలలు జైల్లో వున్నాడు. 1986లో ప్రెసిడెంటు రీగన్ క్షమాభిక్ష పెట్టాడు. అతన్ని పట్టుకున్నది ఏ ఇంజనూ కాదు, ఓపిక.

పోలీసు కారులో అసలు తేడా ఏమిటి?

పుకారులో నిజం బొత్తిగా లేదనను. 1950లనుంచీ అమెరికా కంపెనీలు పోలీసుల కోసం ప్రత్యేకంగా కార్లు తయారుచేస్తున్నాయి. మా తెలుగాయన గొంతు తగ్గించి చెప్పిన ఫోర్డు క్రౌన్ విక్టోరియానే తీసుకుందాం. 2011లో దాని ఉత్పత్తి ఆగిపోయింది. పోలీసు కారులోనూ, మామూలు మనిషి కొన్నదానిలోనూ వున్నది ఒకటే 4.6 లీటర్ల వి-8 ఇంజను. 2004 తర్వాతి పోలీసు మోడలుకు 250 హార్స్‌పవరు, మామూలుదానికి 224. తేడా 26. ఇందాకటి ఘనం లెక్కలో పెట్టి చూడండి, ఆ 26తో పెరిగే వేగం నూటికి నాలుగు పాళ్ళు కూడా వుండదు. మామూలు కారును గంటకు 110 మైళ్ళ దగ్గర ఆపే కంప్యూటరు కళ్ళెం పోలీసు కారుకు కొంచెం వదులుగా, 120 - 130 మైళ్ళ మధ్య వుండేది. అంతే.

అసలు తేడా వున్నది ఎవరూ పుకారు పుట్టించని చోట్ల. పెద్ద ఆల్టర్నేటరు, ఎందుకంటే వైర్‌లెస్సూ దీపాలూ రోజంతా వెలగాలి. ఇంజను ఆయిలును చల్లబరిచే కూలరు, ఎందుకంటే బండి గంటల తరబడి ఒకచోట నిలబడి ఇంజను తిరుగుతూనే వుంటుంది. గట్టి స్ప్రింగులు, వేడికి తట్టుకునే బ్రేకులు. ఒక్కమాటలో చెప్పాలంటే పోలీసు కారు పందెపు గుర్రం కాదు, గానుగెద్దు. దాని గొప్పతనం వేగంలో లేదు, అలసిపోకపోవడంలో వుంది.

నిజంగా వేగం కోసమే కొన్న కార్లూ వున్నాయి. కాలిఫోర్నియా హైవే పోలీసులు 1982లో అయిదు లీటర్ల మస్టాంగులు సుమారు 400 కొన్నారు. బ్రిటనులో 1980ల చివర గుర్తుల్లేని వాక్సాల్ సెనేటరు కారంటే మోటారువేల మీద హడలు. కాని వాటిలో రహస్యమేముంది? ఆ కార్లు షాపులో డబ్బు కట్టిన ప్రతివాడికీ దొరికేవి. పైగా మిషిగన్ రాష్ట్ర పోలీసులు ఏటా పోలీసు కార్లన్నిటినీ పరుగు పెట్టించి, ఎంత వేగం, ఎంత దూరంలో ఆగింది అని పట్టికలు వేసి పుస్తకంగా ప్రకటిస్తారు. మేం గుసగుసలాడుకున్న సంగతి అచ్చులో వుంది, అడిగి చదివేవాడే లేడు.

ఇంజనుకంటె వేగమైనది

మరి పాత కారు కొత్త బండిని ఎలా పట్టుకుంటుంది? ఈ ప్రశ్నకు జవాబు డెట్రాయిట్ పోలీసులకు 1928లోనే దొరికింది. ఆ యేడు ఏప్రిల్లో వాళ్ళు గస్తీ కార్లకు రేడియోలు పెట్టి, స్టేషనునుంచి కబుర్లు పంపడం మొదలుపెట్టారు. మొదట్లో కార్లు వినడమే గాని మాట్లాడడం లేదు. ప్రపంచానికి ఇంజన్లు చేసిపెట్టే వూరు దొంగల్ని పట్టడానికి పెద్ద ఇంజను వెతుక్కోలేదు, రేడియో వెతుక్కుంది! రేడియో తరంగం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. మీరు వెనక కారును దాటి పోవచ్చు, ముందున్న చెక్‌పోస్టుకు అందిన కబురును దాటి పోలేరు.

ఈనాడు ఆ అవసరమూ తగ్గింది. లేజరు గన్ను సెకనులో కొంత భాగంలో మీ వేగం కొలుస్తుంది, కెమెరా నంబరు చదువుతుంది, చలానా సెల్‌ఫోనుకే వస్తుంది. వెంటపడే కారే అక్కర్లేదు. అయినా పుకారు చావలేదు. ఎందుకని?

నాకు తోచింది చెబుతాను. పట్టుబడ్డవాడి పరువు నిలబెడుతుంది ఈ కథ. "మలుపులో భయపడి వేగం తగ్గించాను, అందుకే దొరికాను" అని ఎవడూ చెప్పుకోడు. "వాడిది స్పెషల్ ఇంజనురా" అంటే ఓడినవాడు కూడా వీరుడే. పోలీసులూ కాదని చెప్పరు; కాదంటే వాళ్ళకు నష్టం, ఊరుకుంటే లాభం. పైసా ఖర్చు లేకుండా ప్రతి తెల్ల కారూ పోలీసు కారయిపోతోంది కదా! ఎమర్జెన్సీ చూసిన మా తరానికి మఫ్టీ అనే మాటలోనే ఒక వణుకు వుండేది. ఆ వణుక్కి ఒక రూపం కావాలి. తెల్ల అంబాసిడరు ఆ రూపమయింది.

భయపెట్టి వేగం తగ్గించే పుకారు మంచిదే కదా అని మా లెక్చరరుగారొకరు వాదించేవారు. మంచిదే, అది నెమ్మదిగా పోయేలా చేసినంతకాలం. కాని భయపడ్డవాడు ప్రతిసారీ నెమ్మదిగా పోడు. కొందరు పారిపోతారు. మా మిత్రుడు పారిపోయింది పోలీసునుంచి కాదు, నేను చెప్పిన ఆరు సిలిండర్లనుంచి. ఇంకో ప్రమాదం కూడా వుంది. మామూలు కారులో వచ్చినవాడల్లా పోలీసేనని జనం నమ్మడం మొదలుపెడితే, దొంగ పోలీసుల పని సులువవుతుంది.

అందుకే చట్టం ఏమంటోందో విద్యార్థులు తెలుసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను ప్రకారం, యూనిఫాములో వున్న పోలీసు అధికారి అడిగితే డ్రైవరు లైసెన్సు చూపించాలి. "యూనిఫాములో" అన్న మాట ఆ సెక్షనులోనే వుంది. గుర్తుల్లేని కారు ఆపమంటే పారిపోవద్దు. వెలుతురు, జనం వున్నచోట ఆపి, గుర్తింపు కార్డు చూపమని మర్యాదగా అడగండి. అనుమానమొస్తే 112కు ఫోను చేయండి. మన బళ్ళ విషయానికొస్తే, అదే చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను పుస్తకంలో వున్న వివరాలకు భిన్నంగా బండిని మార్చుకోకూడదు. సైలెన్సరు పీకి తిరిగే తమ్ముళ్ళు ఇది గమనించాలి.

మొన్న పూర్వవిద్యార్థుల సమావేశానికి మా మిత్రుడు వచ్చాడు. కొంచెం కుంటుతూ స్టేజి మెట్లెక్కాడు. ఇది రాస్తానంటే, "రాయరా, కాని వేలూరు అమ్మగారి సంగతి మరిచిపోకు" అన్నాడు. మరిచిపోలేదు. ఆ రాత్రి వాళ్ళ పేర్లు కూడా అడగలేదు మేము. ఏ కారును చూసి ప్రాణాలకు తెగించి పారిపోయామో, మావాడి ప్రాణం నిలిపింది ఆ కారే.

హాస్టల్లో ఇప్పుడు ఏ కారు గురించి చెప్పుకుంటున్నారో నాకు తెలియదు. ఏదో ఒకటి వుండే వుంటుంది. ఆ కథలోకి మీ వంతు వివరం చేర్చే ముందు, "నువ్వు చూశావా?" అని ఒక్కసారి అడగండి. మా గదిలో ఆ ప్రశ్న ఎవరైనా అడిగివుంటే, మావాడు ఆ యేడే పాసై వుండేవాడు.